ఒకే జట్టు, నాలుగు కోపాలు

ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో ఓడిపోతే ఆ బాధ అన్నం తినేలోపు పోతుంది. స్నేహితులతో ఒకే పక్షాన ఉండి ఓడిపోతే మాత్రం మర్నాడు ఆఫీసులో కూడా గుర్తొస్తుంది. క్యారమ్స్‌లో ఎదుటివాడు రెడ్ వేసి కవర్ తప్పిస్తే మనకు లోలోపల సంబరం. వాడి పొరపాటు మన అదృష్టం. సహకార వీడియో గేముల్లో ఎదుటివాడంటూ ఎవడూ లేడు. అందరూ మనవాళ్ళే, ఆడేది యంత్రం మీద. పొరపాటు చేసినా మనవాడే చెయ్యాలి, దాని నష్టం మనమే పడాలి. యంత్రాన్ని తిట్టి లాభం లేదని అందరికీ తెలుసు కనుక కోపమంతా పక్కన కూర్చున్నవాడి మీదికి మళ్ళుతుంది.

“ఆటే కదా, దానికింత గొడవా?” అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటారు. ఆటే, నిజమే. కానీ కలిసి ఆడేటప్పుడు వచ్చే ఆ విసుగు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఎవరి మీద వచ్చింది, ఏ క్షణంలో వచ్చింది, ఎందుకు వచ్చింది అని నిదానంగా చూస్తే, ఏళ్ళ తరబడి కబుర్లాడుకున్నా బయటపడని సంగతులు బయటపడతాయి.

ఓవర్‌కుక్డ్ అనే ఆట తెలిసినవాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఇద్దరు మనుషులు పెట్టుకున్న ఘోస్ట్ టౌన్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2016లో దాన్ని తెచ్చింది. ఒక వంటిల్లు, నలుగురు వంటవాళ్ళు. తెర పైన ఆర్డర్లు వరసగా వస్తుంటాయి. ఉల్లిపాయ సూపు కావాలంటే మూడు ఉల్లిపాయలు తేవాలి, తరగాలి, గిన్నెలో వెయ్యాలి, ఉడికాక పళ్ళెంలో పోసి కిటికీలో పెట్టాలి. తిన్న పళ్ళేలు ఎంగిలివై తిరిగొస్తాయి, వాటిని కడగాలి. ఇందులో ఏ పనికీ నేర్పు అక్కర్లేదు. చిన్నపిల్లలు కూడా రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు. అయినా నలుగురు పెద్దవాళ్ళు, మంచి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు, ఆ మూడు ఉల్లిపాయల దగ్గర గొంతు చించుకుంటారు.

గిన్నె సంగతే చూడండి. సూపు ఉడికాక దించకపోతే మొదట ఒక హెచ్చరిక మోగుతుంది. తర్వాత ఆ మోత జోరందుకుంటుంది. ఆ తర్వాత గిన్నె అంటుకుంటుంది, మంట పక్క గట్టుకు పాకుతుంది. ఆ మోత నలుగురికీ వినిపిస్తుంది. నలుగురూ ఎవరో ఒకరు దించుతారనే అనుకుంటారు. ఒకరు తరుగుతున్నారు, ఒకరు కడుగుతున్నారు, ఒకరు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇంకొకరు మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో వెతుకుతున్నారు. మా వాళ్ళ మాటలు ఇలా ఉంటాయి.

“ప్లేటు లేదు, ప్లేటు!”

“కడిగేది ఎవరు?”

“నువ్వే కదా!”

“నేను తరుగుతున్నా రా బాబూ!”

“మరి ఆ గిన్నె?”

అప్పటికే గిన్నె మంటల్లో ఉంటుంది.

మూడు నాలుగు నిమిషాల ఆటలో మాట తీరు ఎలా మారిపోతుందో గమనించడం నాకిష్టం. మొదట్లో “మామా, కొంచెం ఆ గిన్నె చూస్తావా” అంటారు. రెండో నిమిషానికి “గిన్నె చూడు” అవుతుంది. చివర్లో “గిన్నె!” అని అరుపు మాత్రమే మిగులుతుంది. వరస పోయింది, క్రియ పోయింది, వస్తువు పేరొక్కటే ఉంది. పైగా ఈ ఆట తయారు చేసినవాళ్ళు మనల్ని కుదురుకోనివ్వరు. ఒక వంటిల్లు ఓడలో ఉంటుంది, అది ఊగితే గట్లు అటూ ఇటూ జరిగిపోతాయి. ఇంకొకటి పక్కపక్కన పరుగెత్తే రెండు లారీల మీద ఉంటుంది. మేము ఎంతో ఓపిగ్గా కుదుర్చుకున్న పని విభజన లారీలు విడిపోగానే చెల్లాచెదురవుతుంది. తరిగిన ఉల్లిపాయలు ఈ లారీలో, గిన్నె ఆ లారీలో.

ఇలాంటి గందరగోళంలోనే ఒక నాయకుడు పుట్టుకొస్తాడు. మా నలుగురిలోనూ ఉన్నాడు. చేతులు చురుకు, చూపు చురుకు, తన పని తను చేస్తూనే మిగతా ముగ్గురి పనీ కనిపెడుతుంటాడు. “నువ్వు వదిలెయ్, ఉల్లిపాయ తియ్. కాదు, అది కాదు, ఇటు. ఇప్పుడు కడుగు. ఆగు, ఆగు.” వాడు చెప్పేది దాదాపు ఎప్పుడూ సరైనదే. చిక్కంతా అక్కడే ఉంది. తప్పు చెప్పేవాడైతే వాదించవచ్చు. సరిగ్గా చెప్పేవాడి మాట విని తీరాలి. విన్నకొద్దీ పూర్తి మార్కులుగా మూడు నక్షత్రాలు వస్తాయి, విన్నకొద్దీ మనం వాడికి అదనపు చేతులమైపోతాం.

ఒక ఆదివారం అలా వరసగా గెలుస్తున్నాం. మాలో అందరికన్నా నెమ్మదైన అమ్మాయి ఒక అంకం పూర్తవగానే కంట్రోలర్ సోఫా మీద పెట్టి, “మీరాడండి, నేను చూస్తుంటా” అంది. గొంతులో కోపం లేదు, మొహం మామూలుగానే ఉంది. తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ మాట బరువు తెలుసు. పెళ్ళిభోజనాల దగ్గర అలిగిన పెద్దవాళ్ళు కూడా ఇలాగే “మీరు కానివ్వండి” అంటారు. తను ఓడిపోతున్నందుకు లేవలేదు. తను లేకపోయినా ఏమీ తేడా రాదని తేలిపోయినందుకు లేచింది. నాయకుడికి ఆ తేడా అర్థం కాలేదు. “గెలుస్తున్నాం కదా, ఎందుకే?” అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఒక్కడే అందరినీ ఆడించే ఈ చిక్కును బల్ల మీద ఆడే సహకార ఆటల్లో చాలాకాలం నుంచి చర్చించుకుంటున్నారు. మ్యాట్ లీకాక్ రూపొందించిన పాండెమిక్ 2008లో వచ్చింది. ప్రపంచంలో రోగాలు పాకుతుంటాయి, ఆటగాళ్ళంతా కలిసి ఆపాలి. అందరూ ఒకరికొకరు అన్నీ చెప్పేసుకోవచ్చు కనుక, బాగా ఆడేవాడొకడు ఉంటే నలుగురి వంతులూ వాడే ఆడేస్తాడు. అలాంటివాణ్ణి ఆల్ఫా ప్లేయర్ అంటారు. దీనికి ఆంటొవాన్ బౌజా తన హనాబీ ఆటలో కనిపెట్టిన ఉపాయం నన్ను ఇప్పటికీ ముచ్చటపరుస్తుంది. పేకముక్కల్ని తిరగేసి పట్టుకోవాలి. మన ముక్కలు మనకు తప్ప అందరికీ కనిపిస్తాయి. ఎంత తెలివైనవాడైనా తన చేతిలో ఏముందో పక్కవాడు చెబితే తప్ప తెలియదు. ఆ చెప్పడానికి కూడా లెక్కగా కొన్ని సూచనలే ఉంటాయి. 2013లో జర్మనీలో ఏడాది మేటి ఆట పురస్కారం దానికి దక్కింది.

వీడియో గేముల్లో అదే పని కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ చేసింది. 2015లో కెనడావాళ్ళు తెచ్చిన ఆట. ఒకరి ఎదుట బాంబు ఉంటుంది, దాన్ని ఎలా విప్పాలో వాళ్ళకు తెలియదు. మిగతావాళ్ళ దగ్గర ఇరవై మూడు పేజీల పుస్తకం ఉంటుంది, బాంబు వాళ్ళకు కనిపించదు. మధ్యలో ఉన్నది మాటలే. ఒక పెట్టె మీద నాలుగు వింత గుర్తులుంటాయి, వాటిని సరైన వరసలో నొక్కాలి. ఆ గుర్తులకు మనకు తెలిసిన పేర్లు ఉండవు. “త్రిశూలంలా ఉంది.” “ఆ, త్రిశూలం ఉంది, తర్వాత?” “తిరగేసిన సి, మధ్యలో చుక్క.” “మామూలు సి కూడా ఉంది, అదా?” “తిరగేసిందన్నా కదా!” “ఇంకొకటి?” “హెడ్‌ఫోన్స్‌లా ఉంది.” “హెడ్‌ఫోన్స్ లేవు. గుర్రపు నాడా ఉంది, అదేనా?” గడియారం తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడా విసుగు వస్తుంది, గొంతులు లేస్తాయి. కానీ ఈ విసుగు వేరు. సోఫా మీద కంట్రోలర్ పెట్టేసిన ఆ అమ్మాయే ఈ ఆటలో మాకు పెద్ద దిక్కు. ఎవరెంత తొందరపెట్టినా తను తొందరపడదు. ఒక్కో గుర్తునూ కుదురుగా వర్ణిస్తుంది. అవతల మా నాయకుడు పుస్తకం పేజీలు తిప్పుతూ, “ఇంకోసారి చెప్పు, ప్లీజ్” అని బతిమాలుతాడు. వాడి చేతుల చురుకుదనం ఇక్కడ దేనికీ పనికిరాదు. తనకు తెలియనిది అవతల మనిషికి తెలుసని ఆట వాడి చేత ఒప్పిస్తుంది. పక్కవాడి అవసరం నిజంగా ఉన్నచోట పుట్టే విసుగును నేను భరించగలను. పక్కవాడు అనవసరమైపోయినచోట గెలుపు కూడా నాకు రుచించదు.

ఇదంతా కొత్త సంగతి కాదు. తొంభైల్లో, రెండువేల తొలినాళ్ళలో టీవీకి తగిలించుకునే చవక వీడియో గేములు మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చాయి. క్యాసెట్ మీద ‘9999 ఇన్ వన్’ అని రాసుండేది, లోపల అవే పదో పదిహేనో ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో ఇద్దరు కలిసి ఆడేదంటే అందరికీ కాంట్రానే. నీలం ప్యాంటువాడు ఒకడు, ఎర్ర ప్యాంటువాడు ఒకడు. ఒక్క గుండు తగిలితే ప్రాణం పోతుంది, చేతిలో ఉన్న మంచి తుపాకీ కూడా పోతుంది. గాల్లోంచి ఎస్ అక్షరం ఉన్న బిళ్ళ పడితే గుళ్ళు అయిదు వైపులకు వెళ్ళే తుపాకీ దొరికేది. దాని కోసం అన్నదమ్ములు కొట్టుకోని ఇల్లు లేదనుకుంటాను.

అయితే అసలు పరీక్ష మూడో అంకం, జలపాతం. అక్కడ పక్కకు వెళ్ళడం ఉండదు, రాళ్ళ మీద ఒక్కొక్క గెంతే వేసుకుంటూ పైకెక్కాలి. ఇద్దరికీ కలిపి తెర ఒక్కటే. పైన ఉన్నవాడు ఎక్కినకొద్దీ తెర పైకి జరుగుతుంది. కింద ఉన్నవాడి కాళ్ళ కింది రాయి తెర అంచు దాటి మాయమైపోతుంది, వాడు చచ్చిపోతాడు. మా అన్నయ్య ఎక్కుతుంటే నేను అలా ఎన్నిసార్లు పోయానో. “ఆగు అన్నయ్యా, ఆగు” అని అరిచేదాన్ని. తను ఆగేవాడు కాదు. ఆగితే పైనుంచి దొర్లే బండలు తనకు తగులుతాయి. నా మీద తనకు ఏ కోపమూ లేదు, తను చేసింది అన్యాయమూ కాదు. తన వేగమే నన్ను చంపుతోంది, అంతే. ముందున్నవాడి కళ్ళు ఎప్పుడూ పై రాయి మీద ఉంటాయి, కింద ఏం మాయమైందో వాడికి కనిపించదు. ఆటలోనే కాదు, ట్యూషన్లో, ఆఫీసు ప్రాజెక్టులో, ఎక్కడ నెమ్మదైనవాళ్ళు వెనకబడినా నాకా జలపాతమే గుర్తొస్తుంది. చిన్నప్పుడు దాని పేరు అన్యాయం అనుకునేదాన్ని. ఇప్పుడు, ఆ తెర కట్టినవాళ్ళు ఇద్దరి వేగాన్ని ఒకదానికొకటి ముడివేశారనీ, ఆ ముడి పైవాడికీ బరువేననీ అర్థమవుతుంది.

ఆ తర్వాతి తరానికి ఫోన్లో నలుగురి స్క్వాడ్ వచ్చింది. పబ్జీ మొబైల్ ఇతర జట్ల మీద ఆడే ఆటే అయినా, జట్టు లోపలి చికాకులన్నీ సహకార ఆటవే. “నాక్ అయ్యా, రివైవ్ ఇవ్వు రా”, “కవర్ ఇవ్వు, వస్తున్నా”, “ఆ లూట్ నాది, ముట్టుకోకు.” వీటికి తోడు ఫోనుకే ప్రత్యేకమైన బాధ ఒకటుంది. సరిగ్గా చివరి వలయంలో ఒకడికి ఇంటినుంచి ఫోనొస్తుంది. అమ్మ ఫోను కట్ చెయ్యలేడు. వాడి బొమ్మ పొలం మధ్యలో నిలువుగా నిలబడిపోతుంది, వాడి గొంతు “తిన్నానమ్మా, తిన్నా” అంటుంది. అలాంటివాణ్ణి ఎవరేం అనగలరు? 2020 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ ఆటను మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్ళీ పోయింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆట అదే, స్క్వాడ్ మాత్రం అది కాదు. ఒకడికి పెళ్ళయింది, ఒకడు నైట్ షిఫ్ట్‌లో పడ్డాడు, ఒకడు విమానమెక్కాడు.

విమానమెక్కినవాళ్ళతో ఆడటం మరో కష్టం. మాలో ఒకడు డల్లాస్‌లో ఉంటాడు. మాకు శనివారం పొద్దున ఎనిమిది అంటే వాడికి శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఎనిమిదిన్నర. మాది పాలప్యాకెట్ల వేళ, వాడిది పిల్లని పడుకోబెట్టే వేళ. ఆ కాస్త సందులో స్టార్‌డ్యూ వ్యాలీలో కలిసి పొలం చేస్తాం. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక మనిషి తయారు చేసి 2016లో విడుదల చేసిన ఆట అది. 2018లో కలిసి ఆడే వీలు వచ్చింది. తుపాకులు మోగవు, గిన్నెలు తగలబడవు. ముల్లంగి లాంటి దుంపలు నాటుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. ప్రశాంతంగా ఉంటుందనే మొదలుపెట్టాం.

ప్రశాంతంగా కనిపించే ఆటలోనే ముళ్ళు ఎక్కువ. ఆటలో ఒక రోజు దాదాపు పద్నాలుగు నిమిషాలు. అందరూ మంచమెక్కితే తప్ప ఆ రోజు ముందుగా ముగియదు. ముగ్గురం పడుకుని తెర వంక చూస్తుంటాం, నాలుగోవాడు చెరువు దగ్గర గాలం వేసుకుని “ఒక్క చేప, ఒక్క చేప” అంటుంటాడు. పొలం ఎవరి కంప్యూటర్లో ఉందో వాళ్ళు రాకపోతే మిగతావాళ్ళకు పొలమే లేదు. డబ్బు ఉమ్మడి. వేరు పడే వీలు 2019లో వచ్చిందిగానీ మేం పడలేదు. సంచి పెద్దది చేసుకోవడానికి రెండు వేలు కూడబెడుతుంటే, మాలో ఒకరు ఆ డబ్బుతో ఇంటికి కుర్చీ కొన్నారు. కుర్చీ! దాని మీద కూర్చోవడం తప్ప ప్రయోజనం లేదు. ఆ రోజు జరిగిన వాదన అచ్చం ఉమ్మడి కుటుంబాల్లో జరిగేదే. కష్టపడింది ఎవరు, ఖర్చుపెట్టింది ఎవరు, అడిగి కొనాలా అక్కర్లేదా. ఆ వాదన విన్నాక నాకు తెలిసిందేమిటంటే, ఆ కుర్చీ కొన్న మనిషికి ఆ పొలం నిజంగా ఇల్లు. మిగతా మాకు అది లెక్కల పుస్తకం.

వీటన్నిటికీ విరుగుడు ఉంది, చాలా ఆటలు ఆ విరుగుడే అమ్ముతున్నాయి. ఎవరి సామాను వాళ్ళకే, ఎవరి పాయింట్లు వాళ్ళకే, పడిపోతే ఎవరి ప్రాణం వాళ్ళే తెచ్చుకోవచ్చు. స్నేహితుడు రాకపోతే ఆ చోట ఒక బాట్ నిలబడుతుంది. నలుగురూ ఒకే మైదానంలో ఉంటారు, ఒకరితో ఒకరికి పని ఉండదు. అలాంటి ఆటలు మేమూ ఆడాం. ఎవరికీ కోపం రాలేదు. ఇప్పుడు వాటి గురించి చెప్పుకుందామంటే ఒక్క సంఘటన కూడా గుర్తు రావడం లేదు. అలా ఆడటం కన్నా ఉల్లిపాయ దగ్గర తిట్టుకోవడమే నాకు మేలు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది.

2008లో వచ్చిన లెఫ్ట్ 4 డెడ్ ఈ అవసరాన్ని దాచిపెట్టకుండా చూపించిన ఆట. శవాల్లాంటి రోగుల గుంపుల మధ్యనుంచి నలుగురు తప్పించుకోవాలి. వాటిలో హంటర్ అనేది దూకి మనిషిని నేలకదిమి చీల్చేస్తుంది. దాని కింద పడ్డవాడు ఏ మీట నొక్కినా లాభం లేదు. ఎంత మొనగాడైనా తన్ను తాను విడిపించుకోలేడు, పక్కవాడు వచ్చి దాన్ని తోసెయ్యాలి, లేదా కాల్చెయ్యాలి. అందుకే ముందుకు ఉరికేవాడు ఆ ఆటలో ముందు చస్తాడు. కాంట్రా జలపాతానికి ఇది సరిగ్గా తలకిందులు.

మా తగవుల్లో ఇప్పటికీ తెగనిది కూడా ఈ ఆటదే. అంకం చివర సేఫ్ రూమ్ ఉంటుంది, ఇనప తలుపు. ముగ్గురం లోపలికి చేరాం, నాలుగోవాడు వీధి చివర పడిపోయి పిలుస్తున్నాడు. మా నాయకుడు లెక్క చెబుతాడు. “తలుపెయ్యి. వాడు పోయినా వచ్చే అంకంలో సగం ప్రాణంతో లేస్తాడు. వెళ్తే నలుగురం పోతాం, మొదటినుంచీ ఆడాలి.” ఆ లెక్కలో తప్పు లేదు. పడిపోయినవాడు కూడా మైకులో “వద్దు, వేసెయ్” అనే అంటాడు. నేను మాత్రం మందుల పెట్టె ఉందో లేదో చూసుకుని తలుపు తీస్తాను. నాయకుడు తిడతాడు, తిడుతూనే నా వెనక తుపాకీ పట్టుకుని వస్తాడు. చాలాసార్లు అందరం పోతాం, ఆ అంకం మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. పోయినవారం కూడా అదే జరిగింది, చాలాసేపు తలుపు వెయ్యాలా వద్దా అని వాదించుకున్నాం. డల్లాస్‌వాడు నాయకుడి పక్షం, నెమ్మదైన అమ్మాయి నా పక్షం.